సముద్రం ఖాళీ అయిన పూట

రిన్సీ కంప్యూటరు మీద ఎప్పుడూ రెండు నల్లకిటికీలు తెరిచి ఉంటాయి. ఒకటి అసలుది, రెండోది ఉత్తుత్తిది. చూడ్డానికి రెండూ కవలపిల్లలే. నల్లటి తెర, తెల్లటి అక్షరాలు, మాట కోసం కాచుకుని మినుకుమినుకుమనే గీత. ఉత్తుత్తిదాంట్లో సముద్రానికి నిప్పు పెట్టినా ఎవరికీ చెమట పట్టదు. అసలుదాంట్లో కొట్టిన ప్రతి మాటా వట్టప్పొళి హార్బరు మీద పడుతుంది. ఏది ఏదో తెలియడానికి ప్రతి వరస ముందూ కిటికీ పేరు చిన్న అక్షరాల్లో ఉంటుంది. అది చూసుకునే వేళ్ళు కదపాలి.

హార్బరు గేటు గదిలో వాళ్ళు బోటు బయల్దేరగానే దాని పేరూ, ఎక్కినవాళ్ళ పేర్లూ ఎక్కిస్తారు. తిరిగొస్తే వచ్చిందని కొడతారు. ఇంకా రానివన్నీ 'సముద్రంలో ఉన్నవి' అనే జాబితాలో ఉంటాయి. ఆ డేటాబేస్ కాపురమంతా బోటు ఓనర్ల సొసైటీ ఆఫీసులో, మేడమీద మూలగదిలో ఉన్న సర్వరులో. దాన్ని తుడిచి, దులిపి, నకళ్ళు తీసి, నలత చేస్తే మందు వేసేది రిన్సీ. మౌసుతో నొక్కే బొమ్మలూ బొత్తాలూ ఆమెకు గిట్టవు. పనంతా నల్లకిటికీలో, చేత్తో కొట్టడమే.

అసలుదాన్ని ముట్టుకోవాలంటే ఆ ఆఫీసులో ఒక పద్ధతి ఉంది. అది రిన్సీ పెట్టిందే. ముందు 'బిగిన్' అని కొట్టాలి. తర్వాత చెయ్యాల్సింది చెయ్యాలి. ఎన్ని వరసలు మారాయో తెర చెబుతుంది. ఆ అంకె పైకి చదవాలి. ఎదురు బల్ల దగ్గర వైర్‌లెస్ ముందు కూర్చునే రషీదిక్కా విని 'ఊఁ' అనాలి. అప్పుడే 'కమిట్'. కమిట్ కొట్టేదాకా చేసిందంతా వెనక్కి తీసుకోవచ్చు. కొట్టాక బ్రహ్మదేవుడు దిగొచ్చినా ఆ కిటికీలోంచి వెనక్కి రాదు.

"పెళ్ళిలో కూడా మమ్మల్ని ఇన్నిసార్లు అడగలేదు మోళే," అని కూతురితో అన్నట్టు నవ్వేవాడు రషీదిక్కా. నవ్వినా, వినకుండా ఎప్పుడూ ఊఁ కొట్టేవాడు కాదు.

ఆ గురువారం పొద్దున్న తుపాను కబురు వచ్చింది. అరేబియా సముద్రంలో నైరుతి వైపు పుట్టిన గాలి ఒక్కసారిగా దిశ మార్చుకుని ఒడ్డు వైపు తిరిగిందట. బయటున్న బోట్లన్నీ వెనక్కి రావాలని జిల్లా కంట్రోల్ రూము నుంచి ఫోను మీద ఫోను. రషీదిక్కా జాబితా చూస్తూ ఒక్కో బోటునీ పిలుస్తున్నాడు. పిలిచిన బోటు పలికితే తన తెర మీద పచ్చగీత పెడుతున్నాడు. సెక్రటరీ డొమినిక్ సారు ముండు పంచె ఎగ్గట్టి గదిలో అటూ ఇటూ తిరుగుతున్నాడు. ఆయన చేతిలో పాలు లేని కట్టన్ చాయ చల్లారిపోయి చాలాసేపైంది.

"రిన్సీ, కంట్రోల్ రూము వాళ్ళకి జాబితా ఊరివారీగా కావాలట. ఏ ఊరివాళ్ళు ఎంతమంది ఉన్నారో."

"ఉత్తుత్తిదాంట్లో చేసి చూసి ఇస్తాను సారే. కాస్త టైమివ్వండి."

"టైము నా దగ్గరుందా? ఆ గాలిని అడుగు!"

రిన్సీ ఉత్తుత్తి కిటికీలో పని మొదలుపెట్టింది. అందులో పాత వరసలున్నాయి. వాటిని ఖాళీ చేసి, అసలుదాంట్లో ఉన్నవి తెచ్చి పోసి, ఊరివారీగా విడదీసి చూడాలి. అసలు కిటికీలోకి వెళ్ళి, ఎన్ని వరసలు తెచ్చుకోవాలో చూసుకుంది. అంతలో ఫోను మోగింది. ఎడమ చేత్తో ఎత్తి చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుంది. అవతల గేటు గది వాళ్ళు, రెండు బోట్లు వచ్చాయని, ఒకదానికి అద్దాలు పగిలాయని. "సరే చేట్టా, సరే," అంటూనే కుడిచేత్తో ఖాళీ చెయ్యమనే కమాండు కొట్టి ఎంటర్ నొక్కింది. ఉత్తుత్తిదానికి బిగిన్ ఎందుకు, ఊఁ ఎందుకు?

తెర మరుక్షణంలోనే 'అయింది' అంది.

ఫోను పెట్టేసి తెర వైపు చూసింది. వరస ముందున్న పేరు ఉత్తుత్తిది కాదు.

ఆమె ఇంకోసారి చూసింది. కళ్ళు నులుముకుని చూసింది. పేరు మారలేదు. పై ప్రాణాలు పైనే పోయాయి. చేతులు కీబోర్డు మీద అలాగే ఉండిపోయాయి, ఇంకెవరివో పెట్టినట్టు. ఎన్ని వరసలున్నాయో చెప్పమని కొట్టింది. సున్నా అంది. కొట్టింది తప్పేమోనని మళ్ళీ కొట్టింది. సున్నా.

"మోళే," అన్నాడు రషీదిక్కా ఎదురుబల్ల నుంచి. గొంతులో ఇంకా నవ్వే ఉంది. "నా తెరకేమైందో చూడవూ. సముద్రం ఖాళీ అయిపోయింది. ఒక్క బోటూ లేదంటోంది."

రషీదిక్కా మైకు చేత్తో పట్టుకునే తలెత్తి ఆమె ముఖం చూశాడు. చూశాక నవ్వు ఆగిపోయింది.

"ఏం చేశావ్?"

"కిటికీ... మారిపోయింది ఇక్కా."

ఆయన మైకు కింద పెట్టి, బల్లమీదున్న అట్టముక్క తీసి, గుర్తున్నంత మేరకు ఇంకా పలకని బోట్ల పేర్లు గబగబా రాయడం మొదలుపెట్టాడు. ఐదారు రాశాక పెన్ను ఆగింది. కళ్ళు మూసుకుని పెదాలు కదిపాడు. మళ్ళీ ఒకటి రాశాడు. అలా పెదాలు కదుపుతున్న ఆయన్ని చూస్తే రిన్సీకి భయం రెండింతలైంది.

డొమినిక్ సారుకి చెప్పక తప్పలేదు. విని ఆయన కుర్చీలో కూలబడ్డాడు. తర్వాత లేచి తలుపు గడియ పెట్టాడు.

"ఎవరికి తెలుసు?"

"మన ముగ్గురికే."

"ముగ్గురితోనే ఉండాలి. కంట్రోల్ రూముకి పొద్దుటి జాబితానే మళ్ళీ పంపుతాను. నువ్వు దాన్ని బతికించు. బతుకుతుందా?"

"బతుకుతుంది. నిన్నటి నకలుంది. ఆ తర్వాత జరిగిన ప్రతి మార్పు జాడా సర్వరు దాచుకుంటుంది. నకలు వేరే మిషను మీద పరిచి, ఆ జాడ వెంట నడిపిస్తే..."

"నాకు పురాణం వద్దు. చెయ్యి!"

చేసింది. ఆ పని ఎలా చెయ్యాలో ఆమెకు కంఠతా వచ్చు. ఉత్తుత్తిదాంట్లో మూడు నెలలకోసారి చేసి చూస్తూనే ఉంటుంది. కానీ ఇందాక తప్పు పోయిందీ కంఠతా వచ్చిందే. ఒక్కో కమాండూ కొట్టి, పెదాలతో చదువుకుని, వరస ముందున్న పేరుమీద వేలు పెట్టి చూసుకుని మరీ ఎంటర్ నొక్కింది. నకలు పరుచుకుంది. ఇక జాడ వెంట నడిపించాలి. ఎక్కడిదాకా నడిచి ఆగాలో ఆమే చెప్పాలి. ఒక్క క్షణం ఎక్కువ నడిస్తే తన ఖాళీ కమాండు కూడా మళ్ళీ నడిచి అంతా మళ్ళీ సున్నా అవుతుంది. మరీ ముందే ఆపితే చివర్లో వచ్చిన బోట్లు ఇంకా రానట్టే మిగులుతాయి.

"ఇక్కా, నా ఫోను మోగేముందు మీరు పిలిచిన బోటు ఏది?"

"సాగరరాణి. పలికింది. పచ్చగీత పెట్టాను."

"ఆ గీత దగ్గరే ఆపుతాను. తర్వాత వచ్చిన రెండూ గేటు వాళ్ళని అడిగి మళ్ళీ ఎక్కిద్దాం."

"రెండూ తప్పిపోతే?"

"వచ్చిన బోటుని రాలేదనుకుంటే ఒక పిలుపు దండగ, అంతే. రాని బోటుని వచ్చిందనుకుంటేనే కదా ఇక్కా కొంప మునిగేది."

ఆ మాట అన్నప్పుడు ఆమెకు దానిలో తన పేరు వినబడలేదు.

తెర మీద వరసలు పారడం మొదలైంది. బయట గాలికి కిటికీ రెక్క టపటపా కొట్టుకుంటోంది. డొమినిక్ సారు దానికి వీపు ఆనించి నిలబడ్డాడు. మధ్యలో ఒకసారి వరసలు ఆగిపోయాయి. రిన్సీ మరీమాతా, మరీమాతా అనుకుంటూ బల్ల అంచు పట్టుకుంది. మళ్ళీ కదిలాయి. చివరికి ఆగమన్న చోట ఆగాయి. ఎన్ని ఉన్నాయని అడిగింది. నలభై మూడు అంది తెర.

"నలభై మూడు," అని పైకి చదివింది. ఏడుపు గొంతుతో చదివింది.

రషీదిక్కా అట్టముక్క పక్కన పెట్టుకుని తెర మీద పేర్లన్నీ ఒక్కోటీ చూశాడు. "ఊఁ," అన్నాడు.

జాబితాని అసలుదాంట్లోకి తెచ్చి కమిట్ కొట్టి, రిన్సీ బాత్రూములోకి వెళ్ళి పొద్దున్న తిన్న పుట్టూ కడలా అంతా కక్కేసింది.

*

మొహం కడుక్కుని వస్తుంటే మెట్ల దగ్గర వరండాలో డొమినిక్ సారు గొంతు వినిపించింది. గండం గడిచిన మనిషి గొంతు, బాగా పెద్దదైంది.

"ఎన్నిసార్లు చెప్పాలమ్మా నీకు? మీ బోటు ఒకటో తారీఖునే వచ్చేసింది. కంప్యూటరే చెబుతోంది. నీ మొగుడు తర్వాత ఎక్కడికి పోయాడో ఈ సొసైటీ ఎలా చెబుతుంది?"

వరండా బల్ల మీద ఒకావిడ కూర్చుని ఉంది. తడిసిన చీర, ఒళ్ళో ప్లాస్టిక్ సంచి. తమిళం యాస. కన్యాకుమారి వైపు తీరగ్రామం నుంచి బస్సెక్కి వచ్చిందట. పేరు మెటిల్డా. ఆమె మొగుడు సిలువదాసన్ 'అలంగారమాత' అనే బోటుకి శ్రాంకు. నడిపేదీ అతనే, సొంతదారూ అతనే. ఆ దక్షిణాది బోట్లు వట్టప్పొళిలో చేపలు దింపుతాయిగానీ సొసైటీలో సభ్యులు కావు. వాళ్ళు దూరపు నీళ్ళకి పోయి సొరచేపలూ ట్యూనాలూ గాలాలతో పడతారు.

"వచ్చుంటే ఫోన్ చేస్తాడు సార్," అంది మెటిల్డా. "ఒడ్డు కనబడగానే చేస్తాడు. ఎప్పుడూ అంతే."

గేటు వాచ్‌మన్ మెట్ల మీంచి కిసుక్కుమన్నాడు. "చేపలమ్మిన డబ్బు జేబులో ఉంటే ఫోను ఎవరికి గుర్తొస్తుంది చేచీ? ఇక్కడ బార్లకి కరువా?"

ఆమె వాచ్‌మన్ వైపు చూడలేదు. సంచి చెవులు ముడేసింది, విప్పింది, మళ్ళీ ముడేసింది. "నేనూ అదే అనుకున్నాను," అంది ఎవరితోనూ కాకుండా. "మొన్న మీరు ఫోన్లో చెప్పాక బోటులో ఉన్న మిగతా ఏడుగురి ఇళ్ళకీ నేనే ఫోన్ చేశాను. వచ్చేశారంట, తాగి ఎక్కడో పడున్నారంట, ఎదురుచూడకండి అని చెప్పాను. నోటికొచ్చినట్టు తిట్టాను కూడా. కానీ ఇప్పుడు తుపానంటున్నారు కదా సార్. ఒక్కసారి చూడండి."

"తుపానైతే ఒడ్డునున్నవాడికేమమ్మా?" అని డొమినిక్ సారు లోపలికి వచ్చేశాడు.

రిన్సీ ఆయన వెనకే లోపలికొచ్చి కుర్చీలో కూర్చుంది. ఆమెకి ఆ పూట ఇంకేదీ పట్టించుకునే ఓపిక లేదు. అయినా అసలు కిటికీలో 'అలంగారమాత' వరస చూపించమని కొట్టింది. సారు చెప్పింది నిజమే. వచ్చింది. ఒకటో తారీఖు, పొద్దున పది దాటాక. పక్కనే ఆ మార్పు చేసినవాళ్ళ పేరుంది. గేటు గది పేరు కాదు. రిన్సీ.

ఆ రోజు, ఆ క్షణంలో ఇంకేమేం వచ్చాయని అడిగింది. ఏడు బోట్లు చూపించింది తెర. ఏడూ ఒకే రోజు, ఒకే నిమిషం, ఒకే క్షణం. వట్టప్పొళి ముఖద్వారంలో ఒకదాని వెనక ఒకటి తప్ప రెండు బోట్లు పక్కపక్కన పట్టవు. ఒకే క్షణంలో ఏడు బోట్లు ఎలా దూరతాయి?

నెల మొదటి రోజు చేసే తుడుపు అది. చాలా బోట్లు చేపల ధర చూసుకుని వేరే హార్బరులో దిగిపోతాయి, ఇక్కడ వచ్చినట్టు కొట్టేవాళ్ళుండరు. అలా మిగిలిపోయిన వరసలతో జాబితా బూజు పట్టిపోయేది. అందుకని సొసైటీ ఒక నియమం పెట్టింది. పోయి పది రోజులు దాటితే వచ్చేసినట్టే. వల ఈడ్చే ట్రాలరులో పట్టే ఐసు పది రోజులకి కరిగిపోతుంది, ఆ పైన ఏ ట్రాలరూ సముద్రంలో ఉండదు. సొసైటీలో ఉన్నవాళ్ళంతా ట్రాలర్ల ఓనర్లే. దక్షిణాది గాలపు బోట్లు నెల దాటినా నీళ్ళమీదే ఉంటాయని అందరికీ తెలుసు. తెలిసి ఎవరూ అడగలేదు. ఆమె మాత్రం అడిగిందా? బిగిన్ కొట్టింది. 'ఏడు' అని పైకి చదివింది. రషీదిక్కా ఊఁ అన్నాడు. కమిట్ కొట్టింది. పద్ధతి ప్రకారం, కిటికీ పేరు చూసుకుని, ఒక్క అక్షరం తప్పు పోకుండా. జాబితా అద్దంలా ఉందని డొమినిక్ సారు ఆ రోజు అందరికీ పళంపొరి బజ్జీలు తెప్పించాడు. రిన్సీ రెండు తింది.

పొద్దున్న చేసిన తప్పుకి ఒళ్ళంతా చెమటలు పట్టాయి. ఇప్పుడు చెమట పట్టలేదు. తప్పుగా కొట్టింది ఒక్క పూటలో బతికొచ్చింది. ఒప్పుగా కొట్టింది మాత్రం ఇన్నాళ్ళుగా అలాగే ఉంది.

"ఇక్కా," అంది. "పొద్దుట్నుంచి మీరు అలంగారమాతని పిలిచారా?"

"జాబితాలో లేనిదాన్ని ఎలా పిలుస్తాను మోళే?"

*

శుక్రవారానికి వాన గోడలా దిగింది. నలభై మూడింట్లో చాలా బోట్లు ఒడ్డు చేరాయి. మిగిలినవి ఎక్కడున్నాయో తెలిసింది, ఓడలు వెళ్ళాయి. డొమినిక్ సారు ముఖంలో నెత్తురు తిరిగొచ్చింది. అలాంటి సమయంలో రిన్సీ వెళ్ళి ఆయన ఎదురుగా నిలబడి సంగతి చెప్పింది. రాత్రంతా నిద్ర లేక ఆమె కళ్ళు ఉబ్బిపోయి ఉన్నాయి.

ఆయన అంతా విన్నాడు. బల్లమీది పేపర్‌వెయిటు తిప్పాడు.

"ఏడింట్లో ఆరు ఎక్కడో దిగిపోయుంటాయి. నీకూ తెలుసు."

"ఏడోది?"

"అదీ దిగే ఉంటుంది."

"దిగకపోతే?"

"రిన్సీ, నిన్నట్నుంచి కంట్రోల్ రూముకి నలభై మూడని చెబుతున్నాం. పేపర్లో కూడా పడింది. ఇప్పుడు యాభై అంటే, ఈ ఏడూ ఇప్పటిదాకా ఎక్కడున్నాయని అడగరా? తుడుపు ఎవరు చేశారని అడగరా? ఆ వరస పక్కన ఎవరి పేరుంది, నాదా?"

"నాదే సారే."

"మరి?" ఆయన గొంతు తగ్గించాడు. బెదిరిస్తున్నట్టు లేదు, బతిమాలుతున్నట్టే ఉంది. "నిన్న నువ్వు చేసిన ఘనకార్యం నేను కడుపులో పెట్టుకున్నానా లేదా? సముద్రం మొత్తం ఊడ్చేశావ్. నేను నోరు విప్పానా? నీకు ఇద్దరు చిన్నపిల్లలు. నాకు ఇంకో రెండేళ్ళ సర్వీసు. ఒకళ్ళనొకళ్ళం కాచుకోకపోతే ఎలా? పోయి కూర్చో మోళే."

రిన్సీ వచ్చి కూర్చుంది. నిజం చెప్పొద్దూ, కూర్చోవాలనే అనిపించింది ఆమెకి. ఉద్యోగం పోతే ఎలాగో, పేపర్లో పేరు పడితే పిల్లలు బళ్ళో ఎలా తలెత్తుకుంటారో అన్నీ కళ్ళముందు తిరిగాయి. ఆరు దిగిపోయే ఉంటాయి. ఏడోది కూడా. మెటిల్డా బయట బల్ల మీదే ఉంది. రాత్రి చర్చి వరండాలో పడుకుని తెల్లారగానే మళ్ళీ వచ్చింది. రషీదిక్కా ఆమెకి చాయ పంపించాడు. ఆమె తాగకుండా గ్లాసు పట్టుకుని వేళ్ళు కాచుకుంటోంది.

ఫోను మోగింది. కంట్రోల్ రూము. రోజూ మాట్లాడే అమ్మాయి గొంతే.

"వట్టప్పొళి, మీ లెక్క చెప్పండి. బయట ఎన్ని?"

డొమినిక్ సారు తన గదిలోంచి ఇటే చూస్తున్నాడు. రిన్సీ ఫోను తీగ వేలికి చుట్టుకుంది.

"జాబితా ప్రకారం నాలుగు," అంది. "కానీ జాబితా తప్పు."

"ఏమన్నారు?"

"ఇంకో ఏడు బోట్లున్నాయి. రాకుండానే వచ్చినట్టు కొట్టాం. నేను కొట్టాను. అందులో అలంగారమాత అనేది ఇంకా సముద్రంలోనే ఉందేమో. ఎనిమిది మంది ఉన్నారు. దాన్ని ఎవరూ పిలవలేదు. ఎవరూ వెతకడం లేదు."

అవతల కాగితం తిప్పిన చప్పుడైంది. "మీ పేరు?"

"రిన్సీ. ఇంకోటి కూడా రాసుకోండి. నిన్న పొద్దున్న జాబితా మొత్తం నా చేతి పొరపాటు వల్ల పోయింది. కాసేపటికి తిరిగి తెచ్చాను. ఆ కాసేపూ మీకు పంపింది పాత జాబితా." ఈ రెండో మాట చెప్పేశాక ఆమెకి కాస్త ఊపిరి ఆడింది. ఇక సారు కడుపులో దాచడానికి ఏమీ మిగల్లేదు.

డొమినిక్ సారు గది గుమ్మం దాకా వచ్చి ఆగిపోయాడు. "నాశనం చేశావు కదే," అన్నాడు. అరవలేదు. గుమ్మం పట్టుకుని నిలబడ్డాడు.

రిన్సీ అసలు కిటికీ ముందుకు జరిగింది. పేరు చూసుకుంది. బిగిన్ అని కొట్టింది. ఆ రోజు, ఆ క్షణంలో వచ్చాయని తాను రాసిన బోట్లన్నిటినీ రానట్టు మార్చమని కొట్టింది. రెండుసార్లు చెరిపి మళ్ళీ కొట్టాల్సి వచ్చింది.

"ఏడు," అని చదివింది.

రషీదిక్కా వెంటనే ఊఁ అనలేదు. తెర దగ్గరికి వచ్చి వంగి ఏడు పేర్లూ చదివాడు. "ఆ రోజు కూడా ఇలా లేచొచ్చి చదవాల్సింది నేను," అన్నాడు. "అంకె విని ఊఁ అన్నాను. పేర్లు అడగలేదు." అప్పుడన్నాడు ఊఁ.

కమిట్ కొట్టి, రిన్సీ వరండాలోకి వెళ్ళింది. మెటిల్డా పక్కన బల్ల మీద కూర్చుంది.

"అక్కా, మీ బోటు రాలేదు."

మెటిల్డా తలెత్తింది.

"వచ్చిందని కంప్యూటరులో రాసింది నేను. చూసి రాయలేదు. పది రోజులు దాటాయని రాశాను. మీ ఆయన ఒడ్డుకి రానే లేదు. సముద్రంలోనే ఉన్నారు."

కొడుతుందనుకుంది రిన్సీ. కొడితే బాగుండుననుకుంది. మెటిల్డా చేతిలో గ్లాసు ఒరిగి చాయ చీర మీద ఒలికింది. ఆమె దాన్ని దులుపుకోలేదు.

"రాలేదా?" అంది. "అయితే రాలేదా ఆయన?" ఒక్క క్షణం ఆమె ముఖంలో వెలుగులాంటిది వచ్చింది. మొగుడు తనని మోసం చెయ్యలేదన్న వెలుగు. మరుక్షణమే బయట వాన వైపు చూసింది. చూసి, రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది.

*

ఆరు బోట్ల సంగతి ఆ సాయంత్రానికే తేలింది. ఐదు కర్ణాటక వైపు రేవుల్లో హాయిగా లంగరేసి ఉన్నాయి. ఆరోది ఎప్పుడో వచ్చి రిపేరుకి ఎక్కించారు, గేటు వాళ్ళే కొట్టడం మరిచిపోయారు. ఒక్కోటీ తేలినప్పుడల్లా రిన్సీ కొంత తేలికపడి, మిగిలినదాన్ని తలుచుకుని అంతకన్నా బరువెక్కింది. అలంగారమాత పలకలేదు. రషీదిక్కా గొంతు బొంగురుపోయేదాకా పిలిచాడు. కంట్రోల్ రూము వాళ్ళు విమానం పంపుతామన్నారు, మబ్బు విడవాలన్నారు.

శనివారం వాన తెరిపిచ్చింది. సొసైటీ ప్రెసిడెంటు వచ్చి వెళ్ళాడు. సోమవారం నుంచి రిన్సీ కీబోర్డు ముట్టుకోకూడదని, విచారణ ఉంటుందని చెప్పి వెళ్ళాడు. ఆమె తల ఊపింది. ఆ మాటలు సగమే చెవికెక్కాయి. ఆమె చూపంతా వైర్‌లెస్ పెట్టె మీదే ఉంది. మెటిల్డాని కూడా లోపలే కూర్చోబెట్టారు. డొమినిక్ సారే కుర్చీ తెచ్చి వేశాడు. వేసి, ఆమె ముఖం చూడకుండా వెళ్ళిపోయాడు.

మధ్యాహ్నం కబురు వచ్చింది. ఇంజను చచ్చి, చాలా దూరం కొట్టుకుపోయిన ఒక బోటు విమానానికి కనబడిందట. ఓడ దాన్ని కట్టి లాక్కొస్తోంది. మనుషులున్నారన్నారు. ఎంతమందో చెప్పలేదు.

ఆ తర్వాత పెట్టెలో గరగర తప్ప ఏమీ లేదు. మెటిల్డా జపమాల పట్టుకుందిగానీ పూసలు కదపడం లేదు. పొద్దు వాలుతుండగా గరగర మధ్యలో ఏదో మాటలా వినబడింది. రషీదిక్కా ఒక్క ఉదుటున మైకు అందుకున్నాడు.

"వట్టప్పొళి మాట్లాడుతున్నాను. ఎవరు? మళ్ళీ చెప్పండి."

"అలంగారమాత," అంది పెట్టె. "అలంగారమాత. ఎనిమిది మందిమి ఉన్నాం. ఎనిమిది మందిమీ."

రషీదిక్కా మైకు మెటిల్డా చేతిలో పెట్టి, నొక్కే బొత్తాం చూపించాడు. ఆమె దాన్ని రెండు చేతులా పట్టుకుని నొక్కింది. అంతే, కట్ట తెగింది.

"ఎక్కడ చచ్చావయ్యా! వచ్చేశావని చెప్పారు నాకు! తాగి పడున్నావని ఏడు ఇళ్ళకీ నేనే ఫోన్ చేసి చెప్పాను. నీ తల్లికి కూడా చెప్పాను. నువ్వేమో... ఆ నీళ్ళలో... మాట్లాడవేం? మాట్లాడు! సిలువా! మాట్లాడవేం?"

"బొత్తాం వదలమ్మా," అన్నాడు రషీదిక్కా. "నువ్వు వదిలితేనే ఆయన మాట వినబడేది."

ఆమె వదల్లేదు. తల అడ్డంగా ఊపుతూ ఇంకా గట్టిగా నొక్కిపట్టింది. వేలి గోరు తెల్లబడిపోయింది. వదిలాక గొంతు రాకపోతేనో? రిన్సీ లేచి దగ్గరికి వెళ్ళింది. ఆ వేలి మీద తన వేలు వేసి, మెల్లిగా పైకెత్తింది.

గరగర. ఇంకా గరగర. ఆ తర్వాత మగగొంతు, ఉప్పునీళ్ళకి ఒరుసుకుపోయిన గొంతు.

"మెటిల్డా... నేను వచ్చేశానని నీకెవరు చెప్పారే?"

మెటిల్డా ఏడుస్తూ రిన్సీ వైపు చూసింది, చెప్పమన్నట్టు కాదు, చెప్పొద్దన్నట్టు కాదు. రిన్సీ ఆమె చేతిలోంచి మైకు తీసుకుంది. బొత్తాం నొక్కింది.

"నేను చెప్పాను అన్నా," అంది. "నా పేరు రిన్సీ."

చెప్పి, బొత్తాం వదిలింది.